ఊఫర్ ఇక్కడ కొంటం, డబ్బా ఊర్లో చేయిస్తం

పోయిన ఎపిసోడ్ విన్నోళ్ళు అడిగేది ఒకటే: "అన్నా, ఎనిమిదించుల ఊఫర్ కొన్న, డబ్బా ఎంత చేయించాలె?"

ఇంచులు చూసి డబ్బా సైజు చెప్పలేం తమ్ముడూ. నేను అట్లనే దెబ్బతిన్న. దుబాయ్ నుంచి ఊఫర్ మోసుకపోయి, వడ్లాయనకు ఇంట్లున్న పాత డబ్బా కొలతలే ఇచ్చిన. చెల్లె పెండ్లిల పెడితే పాట వినపడలే, ఒకటే బుయ్యిమని మోత.

ఊఫర్ కాగితంలో రెండు అంకెలు చూడండి. వీఏఎస్ అంటే, కోన్ సాగే గుణం ఎన్ని లీటర్ల గాలికి సమానమో చెప్పేది. క్యూటీఎస్ అంటే కోన్ ఊగుడు మీద అదుపు. అంకె తక్కువైతే అదుపు ఎక్కువ.

వీఏఎస్ 40 లీటర్లు, క్యూటీఎస్ 0.4 అనుకుందాం. మూసిన డబ్బాల బేస్ సాఫుగా రావాలంటే 0.7 గురి పెట్టుకోవాలె. 0.7ని 0.4తో భాగిస్తే 1.75. దాన్ని దానితోనే గుణిస్తే 3.06. ఒకటి తీసేస్తే 2.06. 40ని దీంతో భాగిస్తే 19 లీటర్ల పైచిలుకు.

లోపల 24, 26, 33 సెంటీమీటర్లు పెడితే 20.6 లీటర్లు. మాగ్నెట్‌కు, లోపలి కట్టెలకు ఒక లీటరు పోయినా సరిపోతది.

ఇవి లోపలి కొలతలని వడ్లాయనకు ఫోన్‌ల రెండుసార్లు చెప్పండి. కాలం షట్టరింగ్‌ల మనం చూసేది లోపలి కొలతే కదా! ఇవే బయటి కొలతలని 18 ఎంఎం ఎండీఎఫ్ కోస్తే లోపల మిగిలేది 13 లీటర్ల చిల్లర.

పోర్టు పెట్టే డబ్బా లెక్క వేరు, మొదటిసారికి వద్దు. కాగితం లేని ఊఫర్ చవకగ ఇచ్చినా నేను కొన.