వేసవి శిక్షణకు విదేశం వెళ్తే ఒంటికి ఒరిగేదెంత?

ఏప్రిల్, మే నెలల్లో బళ్లారి ఎండ 40 డిగ్రీల దగ్గరే ఉంటుంది, దాటే రోజులూ తక్కువేం కాదు. మారథాన్‌కో, దూరపు సైకిల్ రైడ్‌కో తయారయ్యేవాళ్లకు ఆ రెండు నెలలు గడవడమే కష్టం. అందుకే సెలవుల్లో విదేశాలకెళ్లి సాధన చేద్దామన్న మాట వినగానే మనసు అటు లాగుతుంది. కెన్యాలోని ఇటెన్, స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్ పేర్లు పరుగు అలవాటున్న వాళ్లందరూ వినే ఉంటారు. అంత డబ్బు పోస్తే ఒంటికి ఏం ఒరుగుతుందో లెక్క వేసి చూద్దాం.

ముందు చల్లదనం సంగతి. 60 కిలోల మనిషి 10 కిలోమీటర్లు పరుగెత్తితే దాదాపు 600 కేలరీలు ఖర్చవుతాయి. అందులో నిజంగా పరుగుకు పనికొచ్చేది పావు వంతే. మిగతా 450 వేడిగా మారి ఒంట్లోనే ఉంటుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 580 కేలరీల వేడిని పట్టుకుపోతుంది. అంటే చెమట ఒక్కటే ఆ పని చేయాలంటే ముప్పావు లీటరుకు పైగా ఆరాలి. గాలి చల్లగా ఉంటే కొంత వేడి నేరుగా గాలిలోకే పోతుంది, చెమటకు భారం తగ్గుతుంది. బళ్లారి మిట్టమధ్యాహ్నం అలా కాదు. చర్మం 35 డిగ్రీల్లో, గాలి 40లో ఉంటే వేడి బయటి నుంచి లోపలికే వస్తుంది. సెయింట్ మోరిట్జ్‌లో జూలై పగళ్లు సాధారణంగా 20 డిగ్రీలు దాటవు. అక్కడ పొద్దెక్కాక కూడా హాయిగా పరుగెత్తొచ్చు. ఈ లాభం మొదటి రోజు నుంచే అందుతుంది.

అయితే మన ఎండ వల్ల ఒక మేలూ ఉంది. ఉదయం పూట, నీళ్లు తాగుతూ, వేగం తగ్గించి 10 నుంచి 14 రోజులు సాధన చేస్తే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా పడుతుంది, గుండె వేగం తగ్గుతుంది. పైసా ఖర్చు లేదు. చల్లటి దేశంలో కొన్ని వారాలు ఉండి వస్తే ఈ అలవాటు చాలావరకు పోతుందన్నది గుర్తుంచుకోండి.

ఇక పలుచటి గాలి. విదేశీ శిబిరాలకు అసలు ఆకర్షణ ఇదే. ఆక్సిజన్ శాతం ఎక్కడైనా 21కి కాస్త తక్కువే, మారేది గాలి ఒత్తిడి. బళ్లారి సముద్రమట్టానికి సుమారు 485 మీటర్ల ఎత్తున ఉంది, ఇటెన్ 2,400 మీటర్ల ఎత్తున. ఇక్కడ పది శ్వాసల్లో అందే ఆక్సిజన్ అక్కడ అందాలంటే పన్నెండున్నర శ్వాసలు కావాలి. ఆ కొరతను పసిగట్టి కిడ్నీలు ఎరిథ్రోపొయిటిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతాయి. ‘ఎర్ర రక్తకణాలు ఇంకా తయారు చేయండి’ అని ఎముకల మజ్జకు అందే కబురు అది.

మరి వారం రోజులు సరిపోవా? కొండ మీద గడిపే ప్రతి 100 గంటలకు ఒంట్లోని మొత్తం హిమోగ్లోబిన్ సుమారు ఒక శాతం పెరుగుతుందని క్రీడాశాస్త్రజ్ఞుల అంచనా. 60 కిలోల మగమనిషి ఒంట్లో అది దాదాపు 700 గ్రాములు ఉంటుంది. వారమంటే 168 గంటలు, పెరిగేది 12 గ్రాములు. బంగారం లెక్కలో చెప్పాలంటే తులం పైచిలుకు. మూడు వారాలుంటే మూడున్నర తులాలు. పైగా మొదటి వారం తలనొప్పి, సరిగా పట్టని నిద్రతోనే సగం గడిచిపోతుంది. మన స్టీపుల్‌చేజ్ వీరుడు అవినాశ్ సాబ్లే 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో వెండి పతకం గెలిచే ముందు 1,840 మీటర్ల ఎత్తున్న కొలరాడో స్ప్రింగ్స్‌లో సాధన చేశాడు. అది వారం రోజుల విహారం కాదు.

సైకిల్ తొక్కేవాళ్ల అవసరం వేరు. వాళ్లకు కావాల్సింది ఎడతెగని ఎగువ రోడ్డు. ఫ్రాన్స్‌లోని ఆల్ప్ డ్యూయెజ్ 13.8 కిలోమీటర్లు, 21 మలుపులు, దాదాపు 1,100 మీటర్ల ఎగువ. సండూరు కొండల్లో కాళ్లకు పని దొరుకుతుంది గానీ, గంటసేపు ఆగకుండా ఎక్కే దారి మన చుట్టుపక్కల లేదు. ఈ ఒక్క విషయంలో విదేశానికి నా ఓటు. సైకిల్ మాత్రం అక్కడే అద్దెకు తీసుకోండి. గట్టి పెట్టెతో కలిపితే 20 కిలోలకు చేరుతుంది. చాలా విమానాల్లో ఒక పెట్టెకు పరిమితి 23 కిలోలే. మీ పెడల్స్, సీటు పట్టుకెళ్తే చాలు.

చాలామంది పొరబడేది నెలల దగ్గర. మన పిల్లల సెలవులు ఏప్రిల్, మేలలో. అప్పటికి ఆల్ప్స్ ఎత్తు దారులు చాలావరకు మంచు కిందే ఉంటాయి, తెరుచుకునేది మే చివర్లోనో జూన్‌లోనో. కెన్యాలో మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, ఇటెన్ ఎర్రమట్టి బాటలు బురదమయం. కుటుంబంతో వెళ్లాలనుకుంటే ఈ చిక్కు తప్పదు.

కాగితాల విషయంలో రెండు మాటలు. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ రెండింటికీ పనికొచ్చే షెంగెన్ వీసా రుసుము పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. కెన్యా వెళ్తే ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని పత్రం దగ్గర పెట్టుకోండి. అది లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు.

నా లెక్క ఇది. మూడు వారాలు తీరిక ఉండి, జూన్ చివర్లోనో జూలైలోనో బయల్దేరగలిగితే ఆల్ప్స్‌కు పెట్టిన డబ్బుకు ఫలితం ఉంటుంది. మేలో వారమే దొరికితే ఊటీకి వెళ్లండి. 2,240 మీటర్ల ఎత్తు, అంటే సెయింట్ మోరిట్జ్ కంటే 400 మీటర్లు ఎక్కువే. మే నెలలోనూ పగలు చల్లగానే ఉంటుంది, వీసా అక్కర్లేదు. కారులో వెళ్తే ఈ-పాస్ నిబంధన చూసుకోండి.

ఎక్కడికి వెళ్లినా టికెట్ కంటే ముందు రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ కూడా, అంటే ఒంట్లో నిల్వ ఉన్న ఐరన్ ఎంతో చెప్పే పరీక్ష. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ లేని ఒంట్లో ఎంత ఎత్తుకెళ్లినా కొత్త రక్తం పట్టదు. ఆ లోటు తీరడానికి డాక్టరు చెప్పిన మందులతో కూడా సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది.