కొయ్య ఓడ నమూనా

చిక్కసూగూరుకు ఉత్తరాన కృష్ణానది ప్రవహిస్తోంది. అక్కడి జాలరులు వెదురుబద్దలతో అల్లిన గుండ్రని పుట్టిలో నది దాటుతారు. పుట్టికి అడుగుదూలం ఉండదు, తెరచాప ఉండదు. నదికి అది చాలు. కాని సముద్రపు గాలిని, అలలను తట్టుకొనే ఓడ నిర్మాణం వేరు. సముద్రానికి దూరంగా ఉన్నవారు కూడ ఒక చిన్న నమూనాను తయారుచేసి దానిని తెలుసుకోవచ్చు.

నమూనాకు కావలసిన కొయ్యముక్కలు, దారాలు, గుడ్డ, పటం ఒకే పెట్టెలో దొరుకుతాయి. మొదట అడుగుదూలాన్ని అమర్చుతారు. అది ఓడకు వెన్నెముక. దానికి అడ్డంగా, పక్కటెముకల వలె చట్రాలను అతికిస్తారు. వాటిపై సన్నని చెక్కబద్దలు పరుస్తారు. ఓడ మొన దగ్గర బద్దను వంచవలసి ఉంటుంది. పొడిబద్ద విరిగిపోతుంది. కనుక దానిని నీటిలో నానబెట్టి, మెల్లగా వంచి, ఆరిన తరువాత అతికించాలి.

మరొక జాగ్రత్త కూడ అవసరం. ఒక పక్క బద్దలన్నీ ముందే అతికిస్తే, ఆ బిగువుకు అడుగుదూలం వంకరపోతుంది. తరువాత దానిని సరిచేయడం చాలా కష్టం. అందువల్ల కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చొప్పున అతికిస్తారు. చివరకు స్తంభాలు నిలిపి, తాళ్లతో బిగించి, తెరచాపలు కడతారు.

ఓడలు తెలుగువారికి కొత్త కాదు. క్రీ.శ. 2వ శతాబ్దినాటి శాతవాహనుల నాణేలపై రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది. గోదావరి తీరాన కోరంగిలో పెద్ద కొయ్య ఓడలు కట్టేవారు. 1839లో తుపాను ఆ రేవును ధ్వంసం చేసింది. అయినా పక్కనున్న తాళ్ళరేవులో ఆ విద్య నిలిచింది. పెద్ద ఓడ కట్టిన వడ్రంగికి ఉన్న ఓర్పే చిన్న నమూనా చేసేవారికీ కావాలి.