ది ఆఫీస్ (అమెరికా ధారావాహిక) - పాత్రలపై ప్రేక్షకుల అభిప్రాయాలు

ది ఆఫీస్ అమెరికాలోని ఎన్‌బీసీ ఛానల్‌లో 2005 మార్చి 24 నుండి 2013 మే 16 వరకు ప్రసారమైన ఆంగ్ల హాస్య ధారావాహిక. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్క్రాంటన్ నగరంలో, డండర్ మిఫ్లిన్ అనే కల్పిత కాగితపు వ్యాపార సంస్థ శాఖా కార్యాలయంలో ఈ కథ జరుగుతుంది. మొత్తం 9 సీజన్లలో 201 ఎపిసోడ్లు వెలువడినవి. 2006లో ఉత్తమ హాస్య ధారావాహికగా ఎమ్మీ పురస్కారం పొందినది. ఇందులోని పాత్రలలో ఎవరు మంచివారు, ఎవరు దోషులు అనే విషయమై అభిమానులలో నేటికీ భిన్నాభిప్రాయాలు ఉన్నవి.

నేపథ్యం

ఈ ధారావాహికకు మూలం అదే పేరుతో బ్రిటన్‌లో బీబీసీ 2001 జూలై 9న ప్రారంభించిన ధారావాహిక. దాని సృష్టికర్తలు రికీ జెర్వైస్, స్టీఫెన్ మర్చంట్. అమెరికా రూపాన్ని గ్రెగ్ డేనియల్స్ తీర్చిదిద్దాడు. ప్రధాన పాత్రలు: మేనేజరు మైకేల్ స్కాట్ (స్టీవ్ కారెల్), అమ్మకాల ఉద్యోగులు డ్వైట్ ష్రూట్ (రెయిన్ విల్సన్) మరియు జిమ్ హాల్పర్ట్ (జాన్ క్రసిన్‌స్కీ), రిసెప్షనిస్టు పామ్ బీస్లీ (జెన్నా ఫిషర్).

అభిప్రాయ భేదాలకు కారణం

సాధారణంగా హాస్య ధారావాహికలలో నేపథ్యంలో నవ్వులు వినిపిస్తాయి. ఎక్కడ నవ్వాలో, ఎవరి పక్షం వహించాలో ఆ నవ్వులే సూచిస్తాయి. ది ఆఫీస్‌లో అవి లేవు. ఒక డాక్యుమెంటరీ బృందం కార్యాలయాన్ని చిత్రీకరిస్తున్నట్లుగా కథ సాగుతుంది. పాత్రలు విడిగా కెమెరా ముందు కూర్చుని తమ మాట తాము చెప్పుకొంటారు. ఒకరి వాదన పక్కనే మరొకరి వాదన కనిపిస్తుంది గాని, ఏది న్యాయమో కథ తేల్చి చెప్పదు. తీర్పు చెప్పే బాధ్యత ప్రేక్షకునిపై పడుతుంది. ఆ తీర్పు అతని వయస్సును, అతడు చేసిన ఉద్యోగాన్ని, అతడు చూసిన పై అధికారులను బట్టి మారుతుంది.

మైకేల్ స్కాట్

మొదటి సీజన్‌లోని 6 ఎపిసోడ్లలో మైకేల్ పాత్ర బ్రిటిష్ మూలంలోని డేవిడ్ బ్రెంట్‌కు దగ్గరగా, కటువుగా ఉన్నది. రెండవ సీజన్ నుండి రచయితలు అతనిని మంచి అమ్మకందారుగా, ప్రేమకోసం తపించే ఒంటరిగా మలిచారు.

అతనిని అభిమానించేవారు 2007 ఫిబ్రవరి 15 నాటి ఎపిసోడ్‌ను ఉదాహరణగా చూపుతారు. పామ్ చిత్రకళా ప్రదర్శనకు అతడు ఆలస్యంగానైనా వచ్చి, ఆమె గీసిన కార్యాలయ భవనపు చిత్రాన్ని నిజమైన మెప్పుతో కొంటాడు. విమర్శించేవారు 2006 సెప్టెంబరు 21 నాటి ఎపిసోడ్‌ను చూపుతారు. అందులో ఆస్కార్ అనే ఉద్యోగి స్వలింగ ప్రియుడన్న సంగతిని మైకేల్ అందరికీ వెల్లడిచేసి, ఆపై తన ఉదారత్వం చాటుకొనుటకు అందరి ఎదుట అతనిని బలవంతంగా ముద్దుపెట్టుకొంటాడు. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన అవమానపడినవాని బాధ తగ్గదని వీరి వాదన.

2009 డిసెంబరు 3న ప్రసారమైన "స్కాట్స్ టాట్స్" ఎపిసోడ్‌ను తిరిగి చూడలేమని చెప్పే అభిమానులు చాలామంది. పేద విద్యార్థులకు కళాశాల ఫీజు చెల్లిస్తానని పదేళ్ళ క్రితం మాట ఇచ్చిన మైకేల్, తనవద్ద డబ్బు లేదని ఇందులో ఒప్పుకొంటాడు. తిరుగు ప్రయాణంలో రిసెప్షనిస్టు ఎరిన్ మరొక కోణం చూపుతుంది: ఆ వాగ్దానం వల్లనే చాలామంది పిల్లలు మధ్యలో బడి మానకుండా చదివారని. అబద్ధపు ఆశ కూడా మేలు చేయగలదా అనే ప్రశ్న ఈ చర్చకు కేంద్రం.

జిమ్ - డ్వైట్

జిమ్ తన పక్క బల్లవాడైన డ్వైట్‌ను ఆటపట్టించడం మొదటి ఎపిసోడ్ నుండీ ఉన్నది. డ్వైట్ స్టేప్లరును జెల్లీలో పెట్టిన దృశ్యం ప్రసిద్ధం. ప్రసారకాలంలో ఎక్కువమంది జిమ్ పక్షం వహించారు. తరువాత చూసినవారిలో కొందరు దీనిని సహోద్యోగిని వేధించడంగానే భావిస్తారు. పని మానివేసి అల్లరి చేసేవాడు జిమ్ కాగా, శ్రద్ధగా పనిచేసి అమ్మకాలలో ముందుండేవాడు డ్వైట్ అని వీరు గుర్తుచేస్తారు.

జిమ్‌ను సమర్థించేవారు డ్వైట్ చేష్టలను చూపుతారు. 2009 ఫిబ్రవరి 1 నాటి ఎపిసోడ్‌లో అగ్నిప్రమాద జాగ్రత్తలు నేర్పే నెపంతో డ్వైట్ కార్యాలయంలో నిప్పు పెట్టగా, స్టాన్లీ అనే ఉద్యోగికి గుండెపోటు వస్తుంది. అధికారం దొరికినప్పుడల్లా అతడు తోటివారిని భయపెట్టినవాడే. చివరి ఎపిసోడ్‌లో డ్వైట్ పెళ్ళికి జిమ్ తోడుపెళ్ళికొడుకుగా నిలవడంతో వారి వైరం స్నేహంగా ముగుస్తుంది.

జిమ్ - పామ్ దాంపత్యం

వీరి ప్రేమకథ తొలి సీజన్లకు ప్రధానాకర్షణ. 2009 అక్టోబరు 8న ప్రసారమైన వీరి వివాహం అభిమానులకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది. చివరి సీజన్‌లో మాత్రం జిమ్ భార్యకు చెప్పకుండా ఫిలడెల్ఫియాలో ఒక క్రీడా వ్యాపారంలో చేరుతాడు. పిల్లల భారం, ఇంటి భారం పామ్‌పై పడుతుంది. జిమ్ స్వార్థపరుడని కొందరు, కొత్త జీవితమంటే పామ్‌కు భయమని కొందరు అంటారు. పామ్‌ను ఓదార్చే బ్రయన్ అనే శబ్దగ్రాహకుని ప్రవేశపెట్టడం అనవసరమని అనేకుల విమర్శ. ఈ కలహం నిజమైన సంసారాలకు దగ్గరగా ఉన్నదని మెచ్చేవారూ ఉన్నారు.

చివరి సీజన్లు

మైకేల్ పాత్ర 2011 ఏప్రిల్ 28న నిష్క్రమించినది. ధారావాహిక అక్కడే ముగిసి ఉండవలసినదని ఒక వర్గం అభిప్రాయం. తరువాత మేనేజరైన ఆండీ (ఎడ్ హెల్మ్స్) తొమ్మిదవ సీజన్‌లో నెలల తరబడి పడవ ప్రయాణానికి వెళ్ళి, తిరిగివచ్చాక స్వార్థపరునిగా కనిపిస్తాడు. హెల్మ్స్ ఒక చలనచిత్రంలో నటించవలసి రావడం వల్ల ఈ కథ అవసరమైనది. నటుని వెసులుబాటు కోసం పాత్ర స్వభావాన్ని బలిచేశారని అభిమానులు విమర్శిస్తారు. చివరి ఎపిసోడ్‌ను మాత్రం అధికులు మెచ్చుకొంటారు.

భారతదేశంతో సంబంధం

కెల్లీ కపూర్ పాత్రధారిణి, రచయిత్రి మిండీ కేలింగ్ భారతీయ సంతతికి చెందినది. 2006 నవంబరు 2 నాటి "దీవాలీ" ఎపిసోడ్ ఆమె రచన. 2019 జూన్‌లో ఈ ధారావాహికకు హిందీ రూపం హాట్‌స్టార్‌లో విడుదలైనది. అందులో మేనేజరు పాత్ర జగ్‌దీప్ చడ్డా. నటుడు ముకుల్ చడ్డా.

కొత్త తరం ప్రేక్షకులు

నీల్సన్ సంస్థ లెక్కల ప్రకారం 2020లో అమెరికా ప్రేక్షకులు ఈ ధారావాహికను నెట్‌ఫ్లిక్స్‌లో దాదాపు 5,710 కోట్ల నిమిషాలు చూశారు. వారానికొక ఎపిసోడ్ చూసినవారికి పాత్రల తప్పులు మరచుటకు వ్యవధి ఉండేది. వరుసగా చూసేవారికి అవి ఒకదానిపై ఒకటి పేరుకొని కనిపిస్తాయి. కార్యాలయాలలో వేధింపులపై అవగాహన పెరగడం కూడా తీర్పును మార్చినది. విద్యార్థి దశలో జిమ్‌ను మెచ్చినవారే ఉద్యోగంలో చేరిన తరువాత, ఎవరి మెప్పూ పొందకుండా గడియారం చూసుకొంటూ పనిచేసే స్టాన్లీని తమవానిగా గుర్తించడం కద్దు.