యజమాని దూరమున, ఇల్లు పొరుగున

వాషింగ్టన్ రాష్ట్రమున సియాటిల్ మహానగరమునకు ఈశాన్యముగా, సమామిష్ నది వాషింగ్టన్ సరస్సును కలియు చోటికి సమీపమున వెలసి, 1909లో పురపాలక ప్రతిపత్తిని పొందిన బాతెల్, నేడు ఆ పరిసరములందలి సాంకేతిక సంస్థలలో పనిచేయు అనేక తెలుగు కుటుంబములకు నివాసస్థానము. వేంకటేశ్వరుని కోవెలయు అచట కలదు. అట్టి యూరిలో, ఉద్యోగము మారి టెక్సాసునకో, తల్లిదండ్రుల వార్ధక్యమును తలచి హైదరాబాదునకో తరలిపోవు గృహస్థు, కొన్న యిల్లు అమ్ముటకు మనసొప్పక అద్దెకిచ్చి పోవుట కలదు. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్న పెద్దలు, ఇల్లు అద్దెకిచ్చి దూరదేశమునుండి చూడుమని చెప్పలేదు గాని, ఆ మూడవ పరీక్షలో తప్పినవాని ఫలితమును అనుభవించువాడు యజమాని కాడు, పొరుగువాడు.

మోకాటి యెత్తు గడ్డి, చక్రములూడిన కార్లు, పొంగిపొరలు చెత్తడబ్బాలు, వానికి మరగిన యెలుకలు, అర్ధరాత్రపు కోలాహలము: వీనితో విసిగిన పొరుగువాడు సాధారణముగా మొదట అద్దెకున్నవారితోనే జగడమునకు దిగును. కాని యీ పీడ రెండు విధములనుట మరువరాదు. ఒకటి యజమాని ఉపేక్షవలన కలుగునది. రెండవది అద్దెదారు నడవడివలన కలుగునది. మొదటిదానియందు అద్దెదారు మనతోడి బాధితుడే. 1973లో చేయబడిన రాష్ట్రపు అద్దె శాసనము ప్రకారము, వ్రాతమూలమున తెలియజేసిన పిమ్మట, నీరు, విద్యుత్తు, వెచ్చదనము లేని లోపమునకు 24 గంటలలోను, పొయ్యి, ఫ్రిజ్ వంటివానికి 72 గంటలలోను, తక్కినవానికి 10 దినములలోను యజమాని మరమ్మతు మొదలిడవలెను. ఈ హక్కు నెరుగని అద్దెదారునకు దానిని తెలియజెప్పుట, అతనిపై కేకలు వేయుటకంటె పొరుగువానికి ఎక్కువ ప్రయోజనకరము.

ఎవ్వరితో మాటలాడవలెనన్నను ముందు యజమాని యెవరో తెలియవలెను గదా! బాతెల్ కొంత కింగ్ కౌంటీలోను, కొంత స్నోహోమిష్ కౌంటీలోను ఉండుటచే, ఇల్లు ఏ కౌంటీలోనిదో మొదట తేల్చుకొని, ఆ కౌంటీవారి ఆస్తిపన్ను దస్త్రములను, రిజిస్టరైన క్రయపత్రములను చూడవలెను. అవి బహిరంగ దస్త్రములు. ఇల్లు ఏదైన కంపెనీ పేరిట నున్నచో, రాష్ట్ర కార్యదర్శి కార్యాలయమున నమోదైన దాని ఏజెంటు పేరును తెలిసికొనవచ్చును. అంతకుమించి, యజమాని రాష్ట్రమున నివసింపనిచో, నోటీసులు పుచ్చుకొనుటకై ఆ కౌంటీలోనే యుండు ఒకనిని ఏజెంటుగా నియమించి అద్దెదారునకు తెలుపవలెననియు, నియమింపనిచో అద్దె పుచ్చుకొనువాడే ఏజెంటుగా నెంచబడుననియు పైశాసనమే విధించినది. అద్దె చేరు చోటికే బాధ్యతయు చేరవలెనన్న న్యాయము ఇందు స్పష్టము.

పేరు దొరకిన పిమ్మట కోపముతో గాక ఆధారముతో వ్రాయవలెను. ఏ తేదీన, ఏ వేళ, ఏమి జరిగెనో వీథిలోని నాలుగైదు కుటుంబములు విడివిడిగా వ్రాసిపెట్టుకొని, ఛాయాచిత్రములను జతపరచి, మర్యాదగా పంపిన ఉత్తరమునకు గల బలము నూరు ఫోనులకు లేదు. దానికి చట్టపరమైన కారణము కూడ కలదు. 2021లో వచ్చిన సవరణ ప్రకారము, శాసనమున చెప్పబడిన కారణములలో ఒకటి లేనిదే యజమాని సాధారణముగా అద్దెదారును ఖాళీ చేయింపజాలడు. అయితే పొరుగువారి సుఖజీవనమునకు పదేపదే అకారణముగా భంగము కలిగించుటయు ఆ కారణములలో నొకటి. దానికి మూడు దినముల నోటీసు చాలును. కాని దూరమున నున్న యజమాని ఆ భంగమును కన్నులార చూడలేడు కావున, పొరుగువారి లిఖితసాక్ష్యమే అతని చేతికి ఆయుధము.

ప్రాణభయము, నేరము కానవచ్చినప్పుడు 911కు ఫోను చేయుటయే కర్తవ్యము. గడ్డి, చెత్త, పాడుబడిన వాహనముల విషయమై నగరపాలక నిబంధనలను అమలుపరచు అధికారులకు ఫిర్యాదు చేయవలెను. ఇండ్ల యజమానుల సంఘము కలచో దాని నియమములు అద్దె యింటికిని వర్తించును. ఇరుపక్షములు మాటలాడుకొన సమ్మతించినచో, 1984 నాటి శాసనమును అనుసరించి ఏర్పడిన వివాదపరిష్కార కేంద్రములు రెండు కౌంటీలలోను మధ్యవర్తిత్వమునకు తోడ్పడును.

ఇన్నిటికిని చలింపని యజమాని కోర్టుకు భయపడక తప్పదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరమున, మాదకద్రవ్య విక్రయమునకు నెలవైన 36 వాటాల అద్దె భవనముచే వేధింపబడిన 75 మంది ఇరుగుపొరుగువారు, చిన్న దావాల కోర్టులో ఎవరికివారు వ్యాజ్యములు వేసి మొత్తము 2,18,325 డాలర్ల తీర్పును పొందగా, 1993లో అప్పీలు కోర్టు దానిని నిలిపెను. వాషింగ్టన్‌లో అట్టి కోర్టున వ్యక్తి కోరదగిన పరిమితి 10,000 డాలర్లు. వకీలు సామాన్యముగా అక్కరలేదు. ఒక్కని వ్యాజ్యము చిన్నదే యైనను, వీథి యంతయు కదలినప్పుడు అది యజమానికి అద్దెకంటె బరువగును.

అయితే ఈ సాధనములు ప్రవర్తనపై ప్రయోగింపదగినవే గాని మనుష్యులపై గాదు. అద్దెదారుని జాతి, భాష, పిల్లల సంఖ్య ఫిర్యాదునకు కారణములు కానేరవు. ప్రభుత్వ సహాయముతో అద్దె చెల్లించుచున్నాడన్న సాకుతో ఇల్లు నిరాకరించుటను 2018 నాటి వాషింగ్టన్ రాష్ట్ర శాసనము నిషేధించినది. పరదేశమున ఒకప్పుడు క్రొత్తగా వచ్చి అనుమానపు చూపులను ఎదుర్కొన్న మనవారికి ఈ వివేకము మరింత యవసరము.

ఇక దూరమున నున్న యజమాని మనవాడే యైనచో అతడు చేయవలసినది స్వల్పము: కౌంటీలో నమ్మకమైన ఏజెంటును నియమించుట, ఇరువైపుల పొరుగువారికి తన ఫోను నంబరు నిచ్చుట, అద్దెదారునకు చట్టము కోరునట్లు రెండు దినములు ముందుగా వ్రాతమూలమున తెలిపి ఏటేట ఇంటిని చూచి వచ్చుట. విశాఖపట్టణములోనో, హైదరాబాదులోనో ఇల్లు వదలి బాతెల్‌లో నివసించువారికిని ఇదియే ధర్మము. నెలనెలా అద్దె సముద్రములు దాటి తప్పక చేరుచున్నప్పుడు, పొరుగువాని మొర మాత్రము చేరకపోవుటకు దూరము కారణమని చెప్పుట ఎవ్వరికిని చెల్లదు.