‘దైవకణం’ అనే మాటకు అసలు అర్థం ఏమిటి?

2012 జూలై 4న జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనా సంస్థ ఒక కొత్త కణాన్ని కనుగొన్నట్లు ప్రకటించింది. ఆ వార్తను మన తెలుగు పత్రికలు ‘దైవకణం’ అనే పేరుతో ప్రచురించాయి. నాటి నుంచి ఆ మాట క్విజ్ పోటీల్లోకి, పోటీ పరీక్షల పుస్తకాల్లోకి, సెల్‌ఫోన్ సందేశాల్లోకి చేరి స్థిరపడింది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో దర్స్ సమావేశాలకు వెళ్లినప్పుడు తల్లిదండ్రులు ఈ మాట గురించి మమ్మల్ని అడుగుతూ ఉంటారు. శాస్త్రవేత్తలు దేవుణ్ణి కనిపెట్టేశారని పిల్లలు అంటున్నారని కొందరి ఆందోళన. ఇటువంటి మాటలున్న పాఠం చదివితే ఈమాన్‌కు హాని కలుగుతుందేమోనని మరికొందరి భయం. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటానంటున్న అమ్మాయిని వారించాలా అని అడిగిన తండ్రులూ ఉన్నారు. ఒక్క మాట మన ఇళ్లలో ఇంత కలవరం రేపుతున్నప్పుడు, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం అవసరం.

ఆ కణం అసలు పేరు ‘హిగ్స్ బోసాన్’. ఇందులో ‘హిగ్స్’ అనేది బ్రిటన్ శాస్త్రవేత్త పీటర్ హిగ్స్ పేరు. అటువంటి కణం ఉండాలని ఆయన 1964లోనే ప్రతిపాదించారు. అదే ఏడాది ఫ్రాంస్వా ఆంగ్లేర్, రాబర్ట్ బ్రౌట్ కూడా దాని వెనుక ఉన్న సిద్ధాంతాన్ని విడిగా వివరించారు. బ్రౌట్ 2011లో మరణించారు. హిగ్స్‌కు, ఆంగ్లేర్‌కు 2013లో నోబెల్ బహుమతి లభించింది.

ఇక ‘బోసాన్’ అనే మాట మన ఉపఖండానికి చెందినది. 1924లో ఢాకా విశ్వవిద్యాలయంలో బోధిస్తున్న సత్యేంద్రనాథ్ బోస్ కాంతి కణాల లెక్కింపుపై ఒక వ్యాసం రాసి ఐన్‌స్టీన్‌కు పంపారు. ఐన్‌స్టీన్ దానిని స్వయంగా జర్మన్ భాషలోకి అనువదించి ప్రచురింపజేశారు. ఆ లెక్కకు లోబడే కణాలకు తర్వాత పాల్ డిరాక్ బోస్ పేరు మీదుగా ‘బోసాన్లు’ అని పేరు పెట్టారు. ఎలక్ట్రాన్ వంటి కణాలు వేరే జాతి. వాటిని ‘ఫెర్మియాన్లు’ అంటారు. నమాజు సఫ్‌లో ఒకరు నిలబడిన చోట మరొకరు నిలబడలేరు. ఫెర్మియాన్ల తీరు అటువంటిది. అదే మస్జిద్‌లో పది దీపాలు వెలిగిస్తే వాటి వెలుగు ఒకే చోట కలిసి పరుచుకుంటుంది. కాంతి కణాలు బోసాన్లు.

మరి ‘దైవం’ ఈ పేరులోకి ఎలా వచ్చింది? నోబెల్ గ్రహీత లియాన్ లెడర్‌మన్ 1993లో ఈ కణం గురించి ఒక ప్రజారంజక గ్రంథం రాసి దానికి ఆ పేరు పెట్టారు. ఎంతకూ చిక్కకుండా విసిగిస్తున్నందుకు ఆ కణానికి ఒక తిట్టుమాట పెట్టాలనుకున్నామనీ, ప్రచురణకర్త అంగీకరించలేదనీ ఆయన ఛలోక్తిగా చెప్పుకున్నారు. అంటే ఇది పుస్తకం అట్ట మీద పుట్టిన పేరు. హిగ్స్ దైవాన్ని నమ్మే వ్యక్తి కాదు. అయినా ఈ పేరు విశ్వాసుల మనసు నొప్పిస్తుందని ఆయనే అభ్యంతరం చెప్పారు.

తెలుగులోకి వచ్చేసరికి చిక్కు మరింత పెరిగింది. ‘దైవకణం’ అనే సమాసానికి ‘దైవం యొక్క కణం’ అని ఒక విగ్రహం చెప్పవచ్చు. ‘దైవమైన కణం’ అని మరొకటీ చెప్పవచ్చు. అరబీలోని ఇజాఫత్ కూడా ఇటువంటిదే. ‘బైతుల్లాహ్’ అన్నప్పుడు అల్లాహ్ అందులో నివసిస్తాడని కాదు, ఆ గృహానికి ఆయన ప్రసాదించిన గౌరవమని పండితులు వివరించారు. ఇప్పుడు ఈ కణం సంగతి చూద్దాం. ‘దైవం యొక్క’ అంటే, సృష్టిలో ఆయనది కాని కణం ఏది? ఈ ఒక్కదానికే ఆ పేరు ఎందుకు? ‘దైవమైన’ అంటే, తౌహీద్ దానిని అంగీకరించదు; భౌతికశాస్త్రమూ అలా అనలేదు. ఏ విగ్రహం చెప్పినా ఈ పేరు పొసగదు.

ఆ కణం చేసే పనేమిటో కూడా తెలుసుకుందాం. విశ్వమంతటా ‘హిగ్స్ క్షేత్రం’ వ్యాపించి ఉందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇక్కడ క్షేత్రమంటే పొలమూ కాదు, తీర్థస్థలమూ కాదు. అయస్కాంత క్షేత్రం అన్నప్పటి అర్థమే. ఎలక్ట్రాన్, క్వార్క్ వంటి మూలకణాలకు ఆ క్షేత్రంతో ఉన్న సంబంధం వల్ల ద్రవ్యరాశి కలుగుతుంది. అది లేకపోతే ఎలక్ట్రాన్‌కు ద్రవ్యరాశి ఉండదు, పరమాణువులు నిలవవు. ఆ క్షేత్రంలో పుట్టే అలజడే హిగ్స్ బోసాన్. 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల భూగర్భ సొరంగంలో ప్రోటాన్లను ఢీకొట్టించి దానిని గుర్తించారు. ప్రోటాన్ కంటే సుమారు 130 రెట్లు బరువైన ఆ కణం పుట్టిన వెంటనే ఇతర కణాలుగా విడిపోతుంది.

‘సమస్త పదార్థానికీ బరువు ఇచ్చేది ఇదే’ అన్న ప్రచారం కూడా అతిశయోక్తే. మన శరీర ద్రవ్యరాశిలో అత్యధిక భాగం ప్రోటాన్లు, న్యూట్రాన్ల లోపల క్వార్కులను బంధించి ఉంచే శక్తి వల్ల కలిగినదే. హిగ్స్ క్షేత్రం వల్ల కలిగే వాటా సుమారు నూటికి ఒక వంతు మాత్రమే.

ఇక మనవారిలో మరో ధోరణి ఉంది. దివ్యఖుర్‌ఆన్‌లోని ‘జర్రా’ అనే పదం ఈ కణాన్నే సూచిస్తోందని కొందరు సందేశాలు పంపుతుంటారు. పూర్వ వ్యాఖ్యాతలు జర్రా అంటే చిన్న చీమ అనీ, కిటికీలోంచి పడే ఎండలో కనిపించే నలుసు అనీ చెప్పారు. పరమాణువు అనే అర్థం ఆధునిక అరబీలో వచ్చి చేరింది. సూరా జిల్జాల్‌లో ఆ పదం వచ్చిన సందర్భం మన కర్మల లెక్క: నలుసంత మేలు గానీ కీడు గానీ మరుగున పడదన్న హెచ్చరిక. షర్హె అఖాయిద్ చదివినవారికి ‘విభజించరాని భాగం’పై జరిగిన చర్చ తెలుసు. అది కలామ్ శాస్త్రపు చర్చ. దానినీ సెర్న్ ప్రయోగంతో ముడిపెట్టనక్కరలేదు. శాస్త్రపు మాటలకు అర్థాలు మారుతుంటాయి. తెలుగులోనే చూడండి: పాఠ్యపుస్తకంలో పరమాణువు వేరు, అణువు వేరు; అయినా పరమాణు కేంద్రకం నుంచి పుట్టే శక్తిని ‘అణుశక్తి’ అంటాం. ఇలా మారే మాటలకు ఆయతులను కట్టివేస్తే, రేపు ఆ మాట మారినప్పుడు పిల్లలకు ఏం చెబుతాం?

కాబట్టి తల్లిదండ్రులకు మా సలహా ఇది. ఇంట్లో ‘హిగ్స్ బోసాన్’ అనే అందాం. పరీక్షలో ‘దైవకణం’ అని అడిగితే పిల్లలు సరైన సమాధానం రాయవచ్చు; అది ఒక వాడుక పేరు మాత్రమేనని వారికి ముందే చెప్పి ఉంచాలి. ఆ పాఠం విశ్వాసానికి విరుద్ధం కాదు. ఎంపీసీ చదవాలనుకునే అమ్మాయిని ఈ మాట కారణంగా ఆపవద్దు. భౌతికశాస్త్రం బాగా చదువుకున్న పిల్లలే ఇంట్లో మిగతా వారికి ఈ మాటను విడమరచి చెప్పగలుగుతారు.