పాత బండిలో అసలు భాగమేది, నకలేది?

జంషెడ్‌పూర్‌లోని అగ్రికో కాలనీ పేరు వినగానే పారలు, గునపాలు, గొడ్డళ్లు గుర్తొస్తాయి. టాటా స్టీల్ తయారు చేసే వ్యవసాయ పనిముట్లకూ అదే పేరు. అలాంటి కాలనీలో ఒక ఇంటి వెనక, టార్పాలిన్ కింద, 1965 నాటి బుల్లెట్ ఉందనుకుందాం. నాన్న నడిపిన బండి. కొడుకు దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలనుకుంటాడు. పాత సామాన్ల దుకాణంలో ఏ భాగం అడిగినా ‘ఒరిజినలే సార్’ అంటారు. ఆ మాట నిజమో కాదో తేల్చడం ఎలా?

ఇది సరదా కోసం అడిగే ప్రశ్న కాదు. కేంద్ర రవాణా శాఖ 2021 జులైలో వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, వాణిజ్య అవసరాలకు వాడని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఇవి వర్తిస్తాయి. కొత్తగా రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ.20,000. నంబరులో ‘వీఏ’ అక్షరాలు ఉంటాయి. అయితే ఒక షరతుంది. వాహనం అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారి ఉండకూడదు.

దేనికి అసలు?

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైనప్పుడు ఇంగ్లండ్ నుంచి వచ్చిన భాగాలతో బుల్లెట్‌లను బిగించేవారు. 1962 నాటికి భాగాలన్నీ ఇక్కడే తయారవడం మొదలైంది. కాబట్టి 1956 నాటి బండిపై ఇంగ్లండ్ ముద్ర సహజం. 1965 నాటి బండిపై అదే ముద్ర కనిపిస్తే అనుమానించాలి. ఆ భాగం నకలు కాకపోవచ్చు, కానీ ఆ బండితో పుట్టిందీ కాకపోవచ్చు. అందుకే పరీక్షకు ముందు బండి పుట్టిన సంవత్సరం, ఆనాటి పార్ట్స్ బుక్ చేతిలో ఉండాలి.

మరలు ఇచ్చే సాక్ష్యం

బోల్టు మరలను కొలవడం అన్నిటికన్నా చవకైన పరీక్ష. పాత బ్రిటిష్ యంత్రాల్లో విట్‌వర్త్ మరలు ఎక్కువ. వాటి కోణం 55 డిగ్రీలు. నేటి మెట్రిక్ మరల కోణం 60 డిగ్రీలు. బ్రిటిష్ మోటార్‌సైకిళ్లలో ‘సైకిల్ థ్రెడ్’ అనే మరో రకం కూడా ఉండేది. దాని కోణమూ 60 డిగ్రీలే కాబట్టి కంటితో తేడా పట్టలేం.

లెక్క వేస్తే తేడా బయటపడుతుంది. పావు అంగుళం సైకిల్ థ్రెడ్ బోల్టుకు అంగుళానికి 26 మరలుంటాయి. అంటే ఒక మరకూ మరో మరకూ మధ్య దూరం 0.977 మిల్లీమీటర్లు. నేటి 6 మిల్లీమీటర్ల బోల్టులో ఆ దూరం సరిగ్గా 1 మిల్లీమీటరు. ఒక్క మర దగ్గర తేడా వెంట్రుక మందం కూడా ఉండదు. పది మరలు దాటేసరికి 0.23 మిల్లీమీటర్లు అవుతుంది. థ్రెడ్ గేజ్ పళ్లు అక్కడ కుదరవు. పైగా పాత బోల్టు మందం 6.35 మిల్లీమీటర్లు, కొత్తది 6 మిల్లీమీటర్లే. పాత రంధ్రంలో కొత్త బోల్టు దూరుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. కానీ పట్టు చాలక, బండి అదురుకు ఊడిపోయే ప్రమాదం ఉంది.

పోత పోసిందా, కొట్టి చేసిందా?

ఇక్కడ అగ్రికో పనిముట్లు పాఠం చెబుతాయి. కాల్చిన ఉక్కును సుత్తితోనో ప్రెస్సుతోనో కొట్టి రూపమిస్తే లోపలి రేణువులు ఆ రూపం వెంటే సాగుతాయి. కర్రలో నార ఉన్నట్టు ఉక్కులోనూ ఒక వరుస ఏర్పడుతుంది. పదేపదే దెబ్బలు తినే భాగాలను ఇలా చేయడానికి కారణం అదే. కరిగించి అచ్చులో పోసిన లోహంలో ఆ వరుస ఉండదు.

బయటి నుంచి చూసినా గుర్తులుంటాయి. కొట్టి చేసిన భాగం అంచున, అదనపు లోహాన్ని కోసేసిన చోట, వెడల్పాటి పట్టీలాంటి గుర్తు ఉంటుంది. పోత భాగంపై అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నని గీత కనిపిస్తుంది. అల్యూమినియం భాగాల్లో, ఇసుక అచ్చులో పోసినవి గరుకుగా ఉంటాయి. ఒత్తిడితో డైలో పోసినవి నునుపుగా ఉండి, అచ్చు నుంచి బయటికి నెట్టిన పిన్నుల గుండ్రటి ముద్రలు కనిపిస్తాయి. అసలు భాగం ఒక పద్ధతిలో, చేతిలోది మరో పద్ధతిలో తయారైతే జవాబు దొరికినట్టే.

పూత కింద ఏముంది?

క్రోమియం పూత వాహనాల్లోకి 1920ల రెండో సగంలో వచ్చింది. అంతకుముందు మెరుపంతా నికెల్‌దే. నికెల్‌కు కాస్త పసుపు ఛాయ, క్రోమియంకు నీలి ఛాయ ఉంటాయి. 1920 నాటి కారు హెడ్‌లైట్ నీలంగా మెరిస్తే, తర్వాత పూత వేయించారని అర్థం.

మెత్తని గుడ్డ చుట్టిన అయస్కాంతం కూడా పనికొస్తుంది. ట్యాంకుపై ఒక చోట పట్టు సడలిందంటే రంగు కింద పుట్టీ మందంగా ఉందన్నమాట.

ఇంకా లోతుకు వెళ్లాలంటే ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పరికరం ఉంది. అది పంపే ఎక్స్‌రేలు తగిలి పరమాణువులోని లోపలి ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. ఆ ఖాళీని పై కక్ష్యలోని ఎలక్ట్రాన్ నింపినప్పుడు ఆ మూలకానికే ప్రత్యేకమైన శక్తితో ఎక్స్‌రే వెలువడుతుంది. రంగులో సీసం ఉందా, పూత జింకా, క్రోమియమా అన్నది గీత పడకుండానే తెలుస్తుంది. అయితే ఉక్కులో ముఖ్యమైన కార్బన్‌ను చేతిలో పట్టే ఈ పరికరం కొలవలేదు. దానికి నిప్పురవ్వ పుట్టించి వెలుగును విశ్లేషించే పరికరం కావాలి. అది చిన్న మచ్చ మిగులుస్తుంది.

చెరిపేసినా పోని అంకెలు

ఛాసిస్ నంబరును ఆకురాయితో అరగదీసి కొత్తది కొట్టడం పాత మోసం. కానీ అంకెను గుద్దినప్పుడు పైకి కనిపించే గుంట కన్నా లోతు వరకు ఉక్కు స్ఫటికాలు నలుగుతాయి. గుంటను అరగదీసినా నలిగిన పొర మిగులుతుంది. నలిగిన లోహం ఆమ్లంతో చర్య జరిపే వేగం, నలగని లోహం వేగం ఒకటి కాదు. అందుకే ఫోరెన్సిక్ నిపుణులు రాగి క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం రాస్తే పాత అంకెలు మళ్లీ తేలుతాయి. మరీ లోతుగా అరగదీస్తే మాత్రం అవి దొరకవు. ఇది ప్రయోగశాలలో చేయాల్సిన పని, ఇంట్లో కాదు.

తుడిచే ముందు ఒక్క క్షణం

ఈ ఆధారాలన్నీ ఉండేది చాలావరకు పైపొరలోనే. బండి దొరకగానే ఇసుకతో ఊదించి, పాలిష్ పట్టించి, రంగు వేయిస్తే సాక్ష్యం అక్కడితో పోతుంది. అందుకే ముందు ఫొటోలు, కొలతలు, ఆ తర్వాతే శుభ్రం. ఏ ఒక్క గుర్తూ తుది తీర్పు కాదు. మర, తయారీ పద్ధతి, పూత, అరుగుదల ఒకే కథ చెప్పాలి. పక్కనున్న భాగం బాగా అరిగి, ఇది మాత్రం కొత్తగా ఉంటే కథ కుదరనట్టే.

నకలు భాగం వాడటం తప్పేమీ కాదు. బ్రేకులు, టైర్లు, రబ్బరు గొట్టాలు, వైర్లు పాతవే ఉంచాలని పట్టుబడితే ప్రాణానికే ముప్పు. వాటిని మార్చాల్సిందే. మార్చిన ప్రతి భాగాన్నీ పుస్తకంలో రాసి, తీసేసిన పాతదాన్ని చీటీ కట్టి దాచితే చాలు. రేపు ఆ బండిని అందుకునేవారికి ఏది నాన్న నాటిదో, ఏది తర్వాత వచ్చిందో తెలుస్తుంది.