పట్టు దొరికితేనే తెగులు

పెన్న మీద సంగం దగ్గర కాలువలకు నీళ్లు వదిలారంటే కింది ఆయకట్టులో వరినాట్ల హడావుడి మొదలైనట్టే. ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు కూడా ఆ రోజుల్లోనే వస్తాయి. గాలివాన వెలిసిన కొన్నాళ్లకు అక్కడక్కడా మళ్లలో ఆకు కొసలు పసుపుబారతాయి. అంచు వెంట అలలు తిరిగిన చార కిందికి దిగుతుంది. ఆకు గడ్డిరంగుకు మారి ఎండిపోతుంది. పొద్దున్నే చూస్తే ఆకు మీద పాలచుక్కల్లాంటి జిగురు కనిపిస్తుంది. ఎండెక్కేసరికి అది చిన్న చిన్న పసుపు పూసలుగా గట్టిపడుతుంది.

ఇదే బాక్టీరియా ఎండాకు తెగులు. అనుమానం తీర్చుకోవడం తేలిక. తెగులు పాకుతున్న చోట ఆకును కోసి, కోసిన కొసను గాజుగ్లాసులోని మంచినీళ్లలో ముంచాలి. కొద్దిసేపట్లో తెల్లటి పొగలాంటి తీగ నీళ్లలోకి దిగితే అది బాక్టీరియా పనే.

ఆ పొగలో ఉన్నవి లక్షల కొద్దీ జాంథోమోనాస్ ఒరైజే కణాలు. ఒక్కోటి మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఈ తెగులును 1884లో జపాన్‌లోని ఫుకువోకా ప్రాంత రైతులు మొదట గుర్తించారు. మన దేశంలో 1951లో మహారాష్ట్రలో కనిపించింది. 1963లో బీహార్‌లోని షాహాబాద్ జిల్లాలో పైరును ఊడ్చిపెట్టింది.

ఇంతకీ ఆకులోకి ఎలా దూరుతుంది? తెల్లవారుజామున వరి ఆకు కొసన మెరిసే నీటిబొట్టును అందరూ మంచు అనుకుంటారు. చాలావరకు అది మొక్క తానే బయటికి వదిలిన నీరు. ఆకు కొసన, అంచుల్లో ఉండే జలరంధ్రాల గుండా రాత్రి పూట బయటికొస్తుంది. పొద్దెక్కి ఆకు ఆరడం మొదలెట్టాక ఆ బొట్టులో కొంత మళ్లీ లోపలికి పోతుంది. వానతుంపరతోనో కాలువ నీటితోనో వచ్చి ఆ బొట్టులో పడ్డ బాక్టీరియాకు అదే రాజమార్గం. గాలికి ఆకులు ఒరుసుకుని పడిన గాయాలు దొడ్డిదారులు.

అయితే వచ్చిన బాక్టీరియా ముందు అక్కడ నిలదొక్కుకోవాలి. ఇంకో జల్లు పడితే జారి మట్టిలో కలుస్తుంది. ఈ పట్టు కోసం బాక్టీరియాలు ఒంటి మీద మొలిపించుకునే నూగే పైలై. ఒక్క పోగును పైలస్ అంటారు. మనిషి వెంట్రుకలో పదివేలో వంతు మందం ఉంటుంది.

పేరుకు నూగే గానీ పనితనం బావిలో వేసే చేదతాడుది. నాలుగో రకం పైలస్‌నే తీసుకోండి. పైలిన్ అనే ప్రొటీన్ ముక్కలను బాక్టీరియా తన పొరలో ఉన్న యంత్రంతో ఒకదాని మీద ఒకటి పేర్చి పోగును బయటికి తోస్తుంది. కొస ఎక్కడో అంటుకోగానే మరో మోటారు పనిలోకి దిగి, ముక్కలను ఊడదీస్తూ పోగును లోపలికి లాగేస్తుంది. దాంతో ఒళ్లంతా ముందుకు ఈడ్చుకుపోతుంది. గనేరియా బాక్టీరియా మీద కొలిస్తే ఒక్క పోగు 100 పికోన్యూటన్లకు పైగా బలంతో లాగింది. ఆ సూక్ష్మజీవి బరువుకు అది కొన్ని వేల రెట్లు.

వరి బాక్టీరియా అంటుకునే తీరు మీద హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో రమేశ్ వెంకట సొంటి బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. అంటుకోవడానికి పనికొచ్చే ప్రొటీన్ల జన్యువులను చెడగొట్టి, ఆ బాక్టీరియాను వరి మీద పరీక్షించింది. పనుల్లో వంతులున్నాయని తేలింది. ఎక్స్ఏడీఏ, ఎక్స్ఏడీబీ అనే జిగురు ప్రొటీన్లు ఆకును పట్టుకుని లోపలికి దూరడంలో ముఖ్యం. వైఏపీహెచ్ అనే ప్రొటీన్ పని లోపల నీళ్లు మోసే దారునాళాల్లోకి చేరాక ఎక్కువ.

నాళాల్లోకి చేరాక ఇంకో పైలస్ బయటికొస్తుంది. ఇది పట్టుకునేది కాదు, గుచ్చేది. బోలుగా ఉండే ఈ హెచ్ఆర్‌పీ పైలస్ మొక్క కణపు గోడను దాటి, బాక్టీరియా ప్రొటీన్లను సూదిమందులా లోపలికి ఎక్కిస్తుంది. పోషకాలు దండిగా ఉన్న ప్రయోగశాల రసంలో పెంచితే బాక్టీరియా దీన్ని దాదాపు తయారుచేయదు. మొక్క లోపలి వాతావరణం తగిలినప్పుడు హెచ్ఆర్‌పీజీ, హెచ్ఆర్‌పీఎక్స్ అనే మీట జన్యువులు దాన్ని ఆన్ చేస్తాయి. తోటి బాక్టీరియాలు వదిలే డీఎస్ఎఫ్ అనే రసాయనం గుంపు పెరిగే కొద్దీ చిక్కబడుతుంది. మంది ఎంత ఉన్నదీ వాటికి దాన్నిబట్టే తెలుస్తుంది. ఆ సంకేతానికి అవసరమైన జన్యువు చెడితే తెగులు తీవ్రత పడిపోతుందని కూడా సీసీఎంబీ చూపింది.

ఈ జాగ్రత్తంతా ఎందుకంటే, పోగులు నేయడానికి శక్తి కావాలి. పైగా బయటికి తీసిన ఆయుధాన్ని శత్రువు గుర్తుపడతాడు. మన ఒంట్లోనూ ఇదే తంతు. మూత్రకోశంలో ఇన్ఫెక్షన్ తెచ్చే ఈ-కోలై, మన కణాల మీది చక్కెరను పట్టుకునే పైలైను ఒక డీఎన్ఏ ముక్కను అటూ ఇటూ తిప్పి మొలిపిస్తుంది, ఆపుతుంది. కలరా బాక్టీరియా పేగులో గుంపుకట్టడానికి వాడే పైలస్, కలరా విషం ఒకే మీట కింద నడుస్తాయి.

మళ్లీ వరి దగ్గరికి వద్దాం. హెచ్ఆర్‌పీ పైలస్ గుండా వెళ్లే ప్రొటీన్లలో ఒకటి మొక్క చక్కెర తూము జన్యువును తెరిపిస్తుంది. అలా కారిన చక్కెరతో బాక్టీరియా బతుకుతుంది. ఎక్స్ఏ13 అనే వరి జన్యువులో ఆ ప్రొటీన్ వాలే చోటే మారిపోయి ఉంటుంది, కాబట్టి తూము తెరుచుకోదు. ఎక్స్ఏ21 అనే మరో జన్యువు ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. అది చొరబాటుదారుణ్ని పసిగట్టి మొక్కను హెచ్చరిస్తుంది.

రైతులు బీపీటీ అని పిలిచే సాంబమసూరి 1986లో బాపట్ల నుంచి వచ్చింది. గింజ సన్నగా, అన్నం రుచిగా ఉన్నా ఎండాకు తెగులుకు లొంగిపోయేది. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి పై రెండు జన్యువులతో పాటు ఎక్స్ఏ5ను సంకరణం ద్వారా అందులోకి తెచ్చాయి. అలా పుట్టిన ఇంప్రూవ్డ్ సాంబమసూరి 2008లో విడుదలైంది. గింజ మారలేదు, తెగులు తట్టుకునే గుణం వచ్చింది.

తెగులు సోకాక తిప్పికొట్టే మందు లేదు. కనుక జాగ్రత్తంతా ముందే. నాటేటప్పుడు నారు కొసలు తుంచవద్దు, తుంచితే బాక్టీరియాకు వాకిలి తీసినట్టే. యూరియా ఒక్కసారే కుమ్మరించకండి, దఫాలుగా వేయండి. మడిలో తెగులు కనబడితే యూరియా ఆపి నీళ్లు తీసేయండి, ఆ నీళ్లను పక్క మడిలోకి మాత్రం వదలకండి. వచ్చే కారుకు విత్తనం కొనేటప్పుడు ఎండాకు తెగులును తట్టుకునే రకమేనా అని ఒక్క మాట అడగండి.